ఉమ్మడి పనికి మార్పుల చిట్టా

ఏ విద్యయైనను ఒంటరిగా నేర్చుకొనుట యొకయెత్తు, నలుగురితో గూడి దానిని పనికి దెచ్చుట మఱియొకయెత్తు. మన పాఠశాలలయందు కంప్యూటరు విద్య మొదటి మెట్టు దాటి రెండవ మెట్టుమీద నున్నది. బాలబాలికలు స్క్రాచ్ అను బొమ్మల భాషతో ప్రారంభించి, పై తరగతులకు వచ్చునప్పటికి పైథాన్ భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు వ్రాయ నేర్చుచున్నారు. గ్రంథాలయ పుస్తకముల లెక్క, మార్కుల పట్టిక, ఆటల పోటీల వరుస మొదలగు పనులను నలుగురైదుగురికి గుంపుగా నప్పగించుట మంచిదని ఉపాధ్యాయు లందఱు నొప్పుకొందురు. మేమును ఒప్పుకొందుము. కాని యట్టి యుమ్మడి పనికి మొదటి పంక్తి వ్రాయుటకు ముందే మార్పుల చిట్టా నొకదాని నేర్పఱచవలెననియు, అది లేకుండ గుంపుపని నప్పగించుట విద్యార్థులకు అన్యాయము చేయుటయే యనియు మా యభిప్రాయము. కంప్యూటరు పండితులు ఈ చిట్టాను వెర్షన్ కంట్రోల్ అని పిలుతురు.

చిట్టా లేనిచోట పని యెట్లు జరుగును? గుంపులో నొకడు ప్రోగ్రామును పెన్‌డ్రైవులో నెక్కించుకొని యింటికి గొనిపోవును. మఱియొకతె దానినే వాట్సాపులో తెప్పించుకొనును. మూడవవాడు ప్రయోగశాలలోని కంప్యూటరుమీదనే మార్చును. రెండు దినములలో 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'అసలు ఫైనల్', 'ఇదే ఫైనల్' అను పేర్లతో నాలుగు ఫైళ్లు పుట్టును. వానిలో నేది కడపటిదో వ్రాసినవారికే తెలియదు. ప్రదర్శన దినమునకు ముందు సాయంకాలము ఎవరో యొకరు తమ ప్రతిని దెచ్చి పాతదాని స్థానమున పెట్టుదురు. తక్కినవారు చేసిన పని యంతయు ఆ క్షణమున మాయమగును.

ఇందు యంత్రమునకు సంబంధించిన లోపముకంటె న్యాయమునకు సంబంధించిన లోపమే హెచ్చు. ఈ పద్ధతిలో ఎవరు కడపట ఫైలు పెట్టుదురో వారిదే గెలుపు. కడపట పెట్టగలవా రెవరు? వసతిగృహమున నుండి చీకటి పడువఱకు ప్రయోగశాలలో కూర్చుండగలవారు. ఇంట ల్యాప్‌టాపు గలవారు. ఓడువా రెవరు? గట్టునకో మల్దకల్లునకో పోవు సాయంకాలపు బస్సు తప్పినచో మఱి గతి లేదని బడి వదలగానే సంచి సర్దుకొను బాలిక. ఆమె మధ్యాహ్న విరామమున ముప్పది పంక్తులు చక్కగా వ్రాసియుండవచ్చును. మఱునాడు వచ్చి చూచునప్పటికి ఆ పంక్తు లుండవు. అవి యుండెననుటకు సాక్ష్యమును ఉండదు. మార్కులు వేయునప్పుడు ఉపాధ్యాయుని చెవికి నోరు గలవాని మాటయే వినబడును. అట్లే యేదైన తప్పు దొరలినప్పుడు నోరు లేనివానిమీదనే యా తప్పు పడును. పని చేసినవారికి పేరు లేకుండుటయు, చేయనివారిమీద నింద పడుటయు గుంపుపని వలన పిల్లలు నేర్చుకొను మొదటి పాఠములైనచో, అట్టి గుంపుపని లేకుండుటయే మేలు.

మార్పును దాచక వ్రాసి పెట్టవలెనను నీతి మనకు క్రొత్త కాదు. పాఠశాల యడ్మిషను రిజిస్టరును చూడుడు. అందొక విద్యార్థి పుట్టిన తేది తప్పుగా పడినచో గుమాస్తా దానిని బ్లేడుతో గీకడు, తెల్లరంగు పూయడు. పాత యంకె కనబడునట్లే దానిమీద నొక్క గీత గీసి, ప్రక్కను సరియైన యంకె యెఱ్ఱసిరాతో వ్రాయును. ప్రధానోపాధ్యాయుడు తేది వేసి పొడి యక్షరములతో సంతకము చేయును. ఇరువది యేండ్లకు తరువాత ఎవరు తెఱచి చూచినను తప్పేదో, ఒప్పేదో, దిద్దిన దెవరో తెలియును. ఊరిలో భూమి తగవు వచ్చినప్పుడు రైతు వెదకునవి పాత పహాణీలు. ఏ యేట భూమి యెవరి పేరున నుండెను, ఎప్పుడు మాఱెను, ఏ కారణముచే మాఱెను అను వరుస తెలిసినప్పుడే హక్కు తేలును. నేటి స్థితి యొక్కటియే వ్రాసియుండి, అది యెట్లు వచ్చినదో చెప్పని కాగితమును మన రైతులు నమ్మరు. మన విద్యార్థులు మాత్రము తమ ప్రోగ్రామును అట్టి కాగితముగా నేల యుంచుకొనవలెను?

బైబిలు చదువు మన పిల్లలు నెహెమ్యా గ్రంథపు మూడవ యధ్యాయమును తఱచు దాటిపోవుదురు. అందంతయు పేర్లే యని వారి విసుగు. యెరూషలేము ప్రాకారములో నే గుమ్మము నెవరు కట్టిరో, ఏ భాగమును ఎవరు బాగుచేసిరో, వారి ప్రక్కను ఎవరు నిలిచిరో యా యధ్యాయము వరుసగా చెప్పుచున్నది. ప్రధానయాజకుని పేరు గలదు. కంసాలుల పేర్లు గలవు. సుగంధద్రవ్యములు చేయువాని పేరు గలదు. తన కుమార్తెలతో గూడి పనిచేసిన షల్లూము పేరును గలదు. తెకోవ ఊరివారు పనిచేసిరనియు, వారి పెద్దలు మాత్రము మెడ వంచలేదనియు కూడ వ్రాయబడియున్నది. గోడ నేడు లేకపోవచ్చును గాని, దానిని కట్టినవారి లెక్క మిగిలియున్నది. ఉమ్మడి పనికి చిట్టా యెట్లుండవలెనో యెఱుగగోరువారు ఆ యధ్యాయమును మరల చదువుదురు గాక.

ఇక కంప్యూటరు ప్రపంచమున నీ చిట్టా యెట్లు వచ్చెనో కొంచెము చెప్పుదుము. 1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో మార్క్ రోచ్‌కిండ్ అనువాడు ప్రోగ్రాముల మార్పులను భద్రపఱచు సాధనము నొకదానిని నిర్మించెను. 1980 తరువాతి సంవత్సరములలో వాల్టర్ టిచీ రచించిన ఆర్.సి.ఎస్. వచ్చెను, పిమ్మట సి.వి.ఎస్., సబ్‌వర్షన్ అనునవి వచ్చినవి. లినక్స్ నిర్మాతలు తమ పనికి బిట్‌కీపర్ అను సాధనమును వెల లేకుండ వాడుకొనుచుండిరి. ఆ సదుపాయము తొలగింపబడగా, 2005 ఏప్రిలు నెలలో లినస్ టోర్వాల్డ్స్ తానే గిట్ అను క్రొత్త సాధనమును వ్రాయ నారంభించెను. నేడు లోకమున నెక్కువగా వాడబడునది యిదియే. దీనికి వెల లేదు. దీని విశేషమేమన, పని చేయు ప్రతివాని యొద్దను ప్రోగ్రాము మాత్రమే గాక దాని పూర్వచరిత్ర యంతయు నుండును. ఇంటర్నెట్టు లేకున్నను మార్పును నమోదు చేయవచ్చును. పాత మార్పులను చూడవచ్చును. తీగ తెగినప్పుడును, కరెంటు పోయి వచ్చినప్పుడును ఆగని సాధనము మన ప్రాంతపు పాఠశాలలకు మిక్కిలి తగినది గదా!

దీనిని పాఠశాలలో నెలకొల్పుట కష్టము కాదు. ప్రయోగశాలలో నొక కంప్యూటరును ఉమ్మడి భాండారమునకై నిర్ణయించి, అందు గిట్ ఇనిట్ అను నాజ్ఞను బేర్, షేర్డ్ అను రెండు గుఱుతులతో నీయవలెను. అంతట నుమ్మడి భాండార మేర్పడును. అందెవరును నేరుగా వ్రాయరు. ప్రతి విద్యార్థియు గిట్ క్లోన్ అను నాజ్ఞతో దాని ప్రతిని తన స్థానమునకు దెచ్చుకొని, అందు పనిచేసి, కమిట్ అను నాజ్ఞతో మార్పును నమోదు చేసి, పుష్ అను నాజ్ఞతో ఉమ్మడి భాండారమునకు చేర్చును. కంప్యూటరులకు తీగ సంబంధము లేని పాఠశాలలో ఉమ్మడి భాండారమును పెన్‌డ్రైవులోనే యుంచుకొనవచ్చును.

ఇచ్చటనే యా బస్సునకు పోవు బాలికకు న్యాయము దొరకుచున్నది. ఆమె తన ముప్పది పంక్తులను మధ్యాహ్నమే చేర్చి వెళ్లినదనుకొనుడు. సాయంకాలము కూర్చుండినవాడు తన పాత ప్రతినుండి మార్పులను చేర్చబోయినచో గిట్ వానిని ఆపును. నీ యొద్ద లేని మార్పు లిచ్చట నున్నవి, ముందు వానిని దెచ్చుకొని నీ పనితో కలుపుకొనుమని చెప్పును. వాడు బలవంతముగా త్రోయజూచినను, షేర్డ్ అను గుఱుతుతో నెలకొల్పిన భాండారము దాని నంగీకరింపదు. కడపట వచ్చినవాడు మొదట వచ్చినవారి పనిని తుడిచివేయుటకు వీలులేదు. పదిమంది యుపాధ్యాయులు కావలి కూర్చుండియు చేయలేని పనిని ఈ చిన్న నియమము చేయుచున్నది.

మన పాఠశాలలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. పెద్ద కార్యాలయములలో ఒక మనుష్యునికొక కంప్యూటరు. మనకు ఒక కంప్యూటరునకు నలుగురు పిల్లలు. గిట్‌లో పనిచేయువాని పేరును ముందుగా వ్రాసి పెట్టవలెను. ఉదయము కూర్చుండినవాని పేరు మార్చకుండ మధ్యాహ్నము మఱియొకరు పని చేసినచో, ఆ పని యంతయు ఉదయపువాని పేరనే నమోదగును. అప్పుడు చిట్టాయే యబద్ధము చెప్పును. కావున బల్లవద్ద కూర్చుండగానే హాజరు పలికినట్లు పేరు సరిచూచుకొనుట మొదటి నియమముగా నుండవలెను.

నమోదుతో బాటు ఒక వాక్యము వ్రాయుట రెండవ నియమము. అనేకులు 'మార్పు', 'అప్‌డేట్', 'సరిచేసితిని' అని వ్రాసి యూరకుందురు. అది చిట్టా వ్రాయుట కాదు. ఒక యుదాహరణము చెప్పుదుము. ఒక ప్రోగ్రాములో తెలంగాణ జిల్లాల పేర్ల పట్టిక యున్నదనుకొనుడు. 2014లో రాష్ట్ర మేర్పడినప్పుడు జిల్లాలు 10. మన మూడు పట్టణములును మహబూబ్‌నగరు జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11వ తేదిని జిల్లాలు 31 కాగా జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేఱు వేఱు జిల్లాలైనవి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట, ములుగు చేరి 33 అయినవి. పట్టికను మార్చినవాడు 'అప్‌డేట్' అని వ్రాసినచో, ఒక యేడు గడచిన పిదప క్రొత్తగా వచ్చిన విద్యార్థికి 2015 నాటి యభ్యర్థి జిల్లా మహబూబ్‌నగరని యెందుకున్నదో తెలియక, అది తప్పని దిద్దిపెట్టును. '2016 నాటి క్రొత్త జిల్లాలు చేర్చితిని. పూర్వపు దాఖలాలకు పాత పేర్లే యుండవలెను' అని వ్రాసినచో ఆ ప్రమాదము లేదు. ఏమి మాఱెనో యంత్రము తానే చెప్పగలదు. ఏల మాఱెనో మనుష్యుడే చెప్పవలెను. ఇట్టి యొక్క వాక్యమును స్పష్టముగా వ్రాయుట తెలుగు వ్యాసరచనకును మంచి యభ్యాసమే.

ఇరువురు ఒకే పంక్తిని వేఱు వేఱుగా మార్చినచో గిట్ తనంతట తీర్పు చెప్పదు. రెండు పాఠములను ప్రక్కప్రక్కన జూపి, మీరే తేల్చుకొనుడనును. పిల్లలు దీనికి భయపడుదురు, యంత్రము చెడెననుకొందురు. గద్వాల చీర నెఱిగినవారికి ఈ భయ మక్కఱలేదు. ఆ చీరకు నడిమి భాగము నూలు, అంచును కొంగును పట్టు. నడిమికొక నాడె, అంచులకు వేఱు నాడెలు. నూలును పట్టును కలియు చోట పోగునకు పోగు పెనవేయవలెను. చీర నాణ్యము తెలియునది యా కలియు చోటనే. అచ్చట తొందరపడిన నేతగాని చీర అచ్చటనే విడిపోవును. ఉమ్మడి ప్రోగ్రామునకును కలియు చోటు అట్టిదే. ఆ రెండు పంక్తులు వ్రాసిన యిరువురును ఒకే బల్లయొద్ద కూర్చుండి, నీ వేల యిట్లు వ్రాసితివని యొకరినొకరు అడిగికొని, రెండును తీసివేసి మూడవదానిని వ్రాసినను వ్రాయవచ్చును. గుంపుపని వలన పొందదగిన విద్య యిదియే. చిట్టా లేని పద్ధతిలో నీ విరోధము బయటపడదు. బయటపడకుండనే యొకరి పని నశించును.

దీనికి గొందఱు ఆక్షేపణలు చెప్పుదురు. పిల్లల తప్పులన్నియు పేర్లతో శాశ్వతముగా నిలిచిపోవునే, వారు సిగ్గుపడరా యనునది మొదటిది. ఈ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. ఏ పంక్తి నెవరు కడపట వ్రాసిరో చూపు నాజ్ఞకు గిట్‌లో బ్లేమ్, అనగా నింద, అని పేరు పెట్టిరి. ఆ పేరు మాకు నచ్చదు. దానికే అనోటేట్ అను మఱియొక పేరును గలదు. పాఠశాలలలో నదియే వాడుట మంచిది. కాని తప్పు నిలిచియుండినచో దానిని దిద్దిన మాటయు నిలిచియుండును. రివర్ట్ అను నాజ్ఞ పాత మార్పును చెఱిపివేయదు. దానిని రద్దు చేయు క్రొత్త మార్పును వ్రాయును. ఎవని తప్పును వాడే మఱునాడు దిద్దినట్లు చిట్టా చెప్పుచున్నప్పుడు అది సిగ్గునకు గాక గౌరవమునకే కారణము. తప్పు చేసినను వెనుకకు పోవు దారి కలదని యెఱిగిన పిల్లవాడు ధైర్యముగా ప్రయోగములు చేయును. దారి లేదని భయపడువాడు ఉన్నదానిని ముట్టనే ముట్టడు.

ఉపాధ్యాయులకును ఒక హెచ్చరిక. చిట్టాలో నెవరెన్ని నమోదులు చేసిరో లెక్కించి మార్కులు వేయరాదు. అట్లు వేసినచో పిల్లలు ఒక్క పంక్తిని పది ముక్కలు చేసి పదిసార్లు నమోదు చేయుదురు. రెండు దినము లాలోచించి యొక్క పంక్తి మార్చి ప్రోగ్రామును నిలువబెట్టినవాడు సోమరిగా కనబడును. చిట్టా సాక్షి మాత్రమే, తీర్పరి కాదు. సాక్షి మాట విని తీర్పు చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడు.

మఱియొక యాక్షేపణ మిక్కిలి గట్టిది. చెఱపరాని చిట్టాలో వ్రాయరానివి పడినచో నేమి గతి? విద్యార్థుల ఆధార్ సంఖ్యలు, తల్లిదండ్రుల ఫోను నంబరులు, పాస్‌వర్డులు ఒక్కసారి నమోదైనచో, మఱునాడు ఫైలునుండి తొలగించినను పూర్వచరిత్రలో నుండును. ప్రతులు తెచ్చుకొనిన యందఱి యొద్దను ఉండును. వానిని చరిత్రనుండి తీయుట శ్రమతో గూడిన పని. కావున నట్టి ఫైళ్ల పేర్లను గిట్ఇగ్నోర్ అను ఫైలులో మొదటి దినముననే వ్రాసి పెట్టవలెను. ప్రోగ్రామును పరీక్షించుటకు కల్పిత నామములనే వాడవలెను. ఇంటర్నెట్టుమీద నుమ్మడి భాండారముల నుంచు గిట్‌హబ్ వంటి చోటులు 2008 నుండి ప్రసిద్ధములైనవి గాని, అందు 13 సంవత్సరములు నిండనివారికి ఖాతా యీయబడదు. చిన్న తరగతుల పనిని పాఠశాల గోడలలోపలనే యుంచుకొనుట క్షేమము.

ఇంత చిన్న పనికి ఇంత యేర్పాటా, కాలము వ్యర్థము గాదా యని కొందఱందురు. చిట్టా నెలకొల్పుటకు ఒక పీరియడు, వాడుక నేర్చుటకు రెండు మూడు పీరియడులు చాలును. పోయిన ఫైలును వెదకుటలోను, పోయినదెవరివలన నను వాదములోను పోవు కాలము అంతకంటె నెక్కువ. చిన్న పనిలో నలవడని నియమము పెద్ద పనిలో నలవడదు. వ్రాతకోతలు వచ్చిన తరువాత తేది వేయ నేర్పుదుమని యే యుపాధ్యాయుడును అనడు. పలకమీదనే తేది వేయించును.

ఇది నేర్పువా రెవరని యడుగవచ్చును. వనపర్తి రాజభవనమున 1959 నుండి కృష్ణదేవరాయ పాలిటెక్నిక్ నడచుచున్నది. మన యుపాధ్యాయులు పూనుకొని యడిగినచో, అట్టి విద్యాలయముల పెద్ద విద్యార్థులు ఒక శనివారము వచ్చి చూపజాలరా? ముందు చూచుటకు మాత్రము ఎవరి సహాయమును అక్కఱలేదు. 2003లో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలో ప్రతి పుటకును చరిత్ర యను భాగము కలదు. గద్వాలనుగుఱించిన పుటను దెఱచి యా భాగమును చూచినచో, ఏ మాట నే దినమున నెవరు చేర్చిరో, ఎవరు దిద్దిరో కనబడును. ఎక్కడెక్కడివారో, ఒకరినొకరు చూడనివారు, ఒకే పుటను కలసి వ్రాయగలుగుట యీ చిట్టా యుండుటచేతనే.

కావున బాలబాలికలారా! మీకు రాబోవు సంవత్సరమున గుంపుపని యప్పగింపబడినప్పుడు, ప్రోగ్రామేమి చేయవలెనని యడుగుటకు ముందు చిట్టా యెక్కడ నున్నదని యడుగుడు. మీ పేరు సరిచూచుకొనుడు. మీరు చేసినదానికి కారణము వ్రాయుడు. మీ తోటివాని పంక్తిని మార్పవలసి వచ్చినప్పుడు వానితో మాటాడి మార్చుడు. కొంతకాలమునకు మీరు వ్రాసిన ప్రోగ్రామును ఎవరును వాడకపోవచ్చును. కాని యొకరి కష్టమును మఱియొకరు తుడిచివేయకుండ నలుగురు కలసి పనిచేయు నలవాటు మీతో వచ్చును. మీరు బ్యాంకునకు పోయినను, పొలమునకు పోయినను, పంచాయతీకి పోయినను అది పనికివచ్చును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పాఠశాలల ప్రధానోపాధ్యాయులు ఈ విషయము నాలోచించి, వచ్చు సంవత్సరారంభముననే తమ తమ ప్రయోగశాలలలో మార్పుల చిట్టాను నెలకొల్పుదురని నమ్ముచున్నాము.